హవ్వమ్మ తాలూకు: పాత పోస్టాఫీసు దగ్గరి స్టాంపుల కొట్టు

కొన్నది ఒక్క స్టాంపు. 1964లో మన తపాలా శాఖ వేసిన 15 నయాపైసల స్టాంపు, టీకాల శాస్త్రవేత్త వాల్డెమార్ హాఫ్‌కిన్ గారిది. ఇచ్చింది 120 రూపాయలు. ప్లాస్టిక్ కవరు, చేత్తో రాసిన చీటీ అందులోనే. వెళ్లింది మూడుసార్లు. మొదటిసారి వెళ్లొచ్చిన రోజే రాసి ఉంటే ఆ కొట్టుకు అన్యాయం చేసినదాన్ని అయ్యేదాన్ని. అందుకే మూడోసారి కూడా వెళ్లొచ్చాక రాస్తున్నాను.

నేను ఏఎన్‌ఎమ్‌గా 37 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. సగం సర్వీసు పాడేరు, చింతపల్లి వైపు ఏజెన్సీలో, మిగతా సగం విశాఖపట్నంలో. మా మనవరాలు ఆరో తరగతి. స్కూల్లో టీకాల మీద ప్రాజెక్టు ఇచ్చి, నెట్‌లో బొమ్మలు ప్రింటు తీసి అతికించొద్దు, నిజమైన వస్తువు ఒకటైనా తెచ్చి చూపించండి అన్నారట. దాని తాతగారి పాత ఆల్బమ్‌లో గాంధీగారు, రైలింజన్లు తప్ప ఏమీ లేవు. ముందు ఆన్‌లైన్‌లో తెప్పించాం. వచ్చిన స్టాంపుకు అంచున రెండు పళ్లు లేవు, వెనక జిగురు బదులు సెల్లో టేపు ముక్క ఉంది. వాపసు తీసుకోమంటే పాత వస్తువులకు వాపసు లేదన్నారు. పిల్ల ముఖం చిన్నబోయింది. అప్పుడు మా వీధిలో ఒకాయన ఈ కొట్టు సంగతి చెప్పారు.

వన్‌టౌన్‌లో కురుపాం మార్కెట్ దాటి పాత పోస్టాఫీసు వైపు నడిస్తే, వెండి కొట్ల వరస అయ్యాక ఎడమచేతి సందులో గడియారాలు బాగుచేసే చిన్న కొట్టు ఉంటుంది. దాని పక్కనే మెట్లు. పైన ఒక్కటే గది. బోర్డు లేదు. గడియారాలాయన్ని అడిగితే తలెత్తకుండానే పైకి చూపిస్తారు. పోర్టులో గుమాస్తాగా చేసి రిటైరైన పెద్దాయన నడుపుతున్నారు. అందరూ మాస్టారు అంటారు కాబట్టి నేనూ అలాగే అంటాను.

స్టాంపు కావాలనగానే తీసి చేతిలో పెట్టరు. ఎవరికి, దేనికి అని అడుగుతారు. పిల్ల ప్రాజెక్టుకు అని చెప్తే రెండు తీశారు, నల్లటి అట్ట మీద పక్కపక్కన పెట్టారు. ఒకటి పోస్టాఫీసు ముద్ర పడినది, 60 రూపాయలు. రెండోది ముద్ర పడనిది, వెనక జిగురు చెక్కు చెదరనిది, 120. వేలితో ముట్టుకోనివ్వలేదు, చిన్న పట్కారు ఇచ్చారు. భూతద్దం పిల్ల చేతికే ఇచ్చి, పళ్లు నాలుగువైపులా లెక్కపెట్టించారు. "అట్టకి అతికించీకండి నర్సమ్మగారూ, జిగురు పోతాది. ఈ కవర్లోనే ఉంచి, కవరుని అట్టకి కుట్టండి" అన్నారు. డబ్బు తీసుకునేముందు ఇంత చెప్పిన కొట్టు నాకీమధ్య తగల్లేదు.

ఆ తర్వాత ఇచ్చారు చీటీ. ఈ కొట్టుకు మనం వెళ్లవలసింది దానికోసమే. మనిషి బొమ్మ ఉన్న ఏ స్టాంపు కొన్నా, పోస్టుకార్డు అంత కాగితం మీద సిరా కలంతో ఆ మనిషి వివరాలు రాసి ఇస్తారు. ఎప్పుడు పుట్టారు, ఏం చేశారు, స్టాంపు ఎందుకు వేశారు. చివరి వరసలో ఎప్పుడూ ఒకటే మాట, "ఇంటిపేరు", దాని పక్కన అది ఎక్కడినుంచి వచ్చిందో. ఎందుకండీ ఇది అని అడిగితే, "మన వైపు కొత్త మనిషి కనపడితే ముందు ఏం అడుగుతాం? ఎవరి తాలూకు అని కదా. స్టాంపు మీద మనిషినీ అదే అడుగుతున్నాను" అన్నారు.

ఆ మొదటి చీటీలో చివరి వరస ఇలా ఉంది: "ఇంటిపేరు: జర్మన్ మూలం."

ఇంటికి వచ్చే దారిలో ఆటోలో పిల్ల అడిగింది, "అమ్మమ్మా, హాఫ్ అంటే సగం, కిన్ అంటే చుట్టం. సగం చుట్టమా?" అని. నా దగ్గర జవాబు లేదు. జవాబు లేదని మనసులో ముల్లులా ఉండిపోయింది. ఎందుకంటే ఆ పేరు నాకు కొత్తది కాదు. ఏజెన్సీలో పాము కాటుకు వేసే మందు సీసాల మీద చదివాను. 1995లో పల్స్ పోలియో మొదలైన తర్వాత చుక్కల మందు సీసాల మీద చదివాను. ఐస్ బాక్స్ మెడలో వేసుకుని గెడ్డలు, వాగులు దాటేటప్పుడు నా ఒంటికి ఆనుకుని ఉన్న పేరు అది. బొంబాయి కంపెనీ పేరు అనుకున్నాను. మనిషి పేరని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

అంతకు ముందు సంగతి ఒకటి ఉంది. 1967 గోదావరి పుష్కరాలప్పుడు నాకు తొమ్మిదేళ్లు. మా నాన్న రైల్వేలో, రాజమండ్రి క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. పుష్కరాల ముందు క్వార్టర్స్‌లో పిల్లా పెద్దా అందరికీ కలరా సూదులు వేశారు. చెయ్యి వాచి, రెండు రోజులు జ్వరం. మా అమ్మ రాత్రంతా తడిగుడ్డ వేస్తూ కూర్చుంది. కలరాకి టీకా తయారుచేసి, 1892 జూలై 18న మొదట తన ఒంటికే పొడుచుకుని చూసిన మనిషి ఈ హాఫ్‌కిన్ గారే. ఆయన మొదట వాడింది బలహీనం చేసిన బతికున్న క్రిములు, తర్వాత వచ్చిన సూదుల్లో చచ్చిన క్రిములు. దారి వేసింది మాత్రం ఆయన.

ఆ ఆదివారం మా చెల్లెలి కొడుకు భోజనానికి వచ్చాడు. రష్యాలో ఆరేళ్లు ఉండి మెడిసిన్ చదివి వచ్చినవాడు. చీటీ తీసి చూపించాను. చదివి, "పెద్దమ్మా, ఇది జర్మన్ పేరు కాదు. మా కాలేజీలో ఒక సార్‌కి ఇదే ఇంటిపేరు. రాయడం ఖావ్‌కిన్ అని రాస్తారు, పలకడం ఖాఫ్‌కిన్ అని పలుకుతారు" అన్నాడు. రష్యన్‌లో వకారం ఊరికే ఉంటే వకారమే, పక్కన క వస్తే నోట్లో ఫ అయిపోతుందట. మనకు చిన్నప్పుడు సంధుల్లో క చ ట త ప లు గ స డ ద వ లు అవుతాయని చెప్పలేదూ, అలాంటిదే, కాకపోతే ఎదురు దిక్కున. ఆయన పారిస్ వెళ్లాక చెవికి వినపడినట్టు రెండు ఎఫ్‌లతో రాసుకున్నారు. చివర ఒక 'ఇ' కూడా ఉంది. ఫ్రెంచివాళ్ల చదువులో ఆ 'ఇ' లేకపోతే 'కిన్' కాస్తా ముక్కుతో పలికే శబ్దం అయిపోతుంది. అంటే ఆ స్పెల్లింగులో సగమూ లేదు, చుట్టమూ లేదు. ఒక రష్యా మాటను ఫ్రెంచి అక్షరాల్లో జాగ్రత్తగా పొదిగారు.

"మరి ఖావ్‌కిన్ అంటే?" అన్నాను.

"ఖావ్కా తాలూకు అని. ఖావ్కా అంటే ఖావా, ముద్దుగా. మనం లక్ష్మిని లచ్చి అన్నట్టు."

"ఖావా ఎవరు?"

"బైబిల్లో మొదటి ఆడమనిషి, పెద్దమ్మా. ఇంగ్లీషులో ఈవ్ అంటారు."

నా చేతిలో గరిట అలాగే ఉండిపోయింది. మేం తాతల నాటి నుంచి క్రైస్తవులం. మా బైబిల్లో ఈవ్ లేదు. హవ్వ ఉంది. ఆదాము, హవ్వ. జీవం ఉన్న ప్రతివాళ్లకీ తల్లి కాబట్టి ఆమెకు ఆ పేరు పెట్టాడని ఆదికాండంలో ఉంటుంది. ఇంగ్లీషువాళ్ల నోట్లో ఈవ్‌గా అరిగిపోయిన హెబ్రీ పేరు తెలుగులో దాదాపు దాని శబ్దంతోనే నిలిచింది. తెలుగులో బైబిలు పని మొదలైంది కూడా ఈ ఊళ్లోనే. 1805లో లండన్ మిషన్ తరఫున క్రాన్, డేగ్రాంజెస్ అనే ఇద్దరు విశాఖపట్నంలో దిగి తెలుగు నేర్చుకుని అనువాదానికి కూర్చున్నారు. ఆ పని తర్వాత ఎన్నో చేతులు మారింది. ఆ చేతులన్నీ దాటి వచ్చిన హవ్వను ఆదివారం బడిలో వల్లించిన నేను, హవ్వ తాలూకు మనిషి పేరును సీసా మీద ఇరవై ఏళ్లు చదివి కూడా గుర్తుపట్టలేదు.

మర్నాడే మళ్లీ వెళ్లాను. నిజం చెప్పాలంటే కాస్త భయంగానే వెళ్లాను. తప్పు చూపిస్తే పెద్దవాళ్లకు నొచ్చుకుంటుంది. మాస్టారు నొచ్చుకోలేదు. చెప్పిందంతా విన్నారు, ఖావ్‌కిన్ అని రెండుసార్లు పలికి చూసుకున్నారు. చీటీ వెనక్కి తీసుకుని, "వాల్డెమార్ అన్న పేరు చూసి జర్మన్ అనీసుకున్నాను. రెండు వారాలు టైము ఇవ్వండి, చదివి రాస్తాను" అన్నారు. పాత చీటీని చింపలేదు. అడ్డగీత కొట్టి, తేదీ వేసి, ఒక అగ్గిపెట్టెల అట్టపెట్టెలో పెట్టారు. ఆ పెట్టెలో అలా కొట్టేసిన చీటీలు ఇంకా చాలా కనపడ్డాయి నాకు.

రెండు వారాలన్నవారు సరిగ్గా పదహారో రోజున ఫోన్ చేశారు. ఈసారి చీటీ కాదు, నాలుగు వైపులా నిండా రాసిన మడత కాగితం. డబ్బు అడగలేదు. ఇస్తే తీసుకోలేదు. అందులో ఉన్నదాన్ని నా మాటల్లో చెప్తాను, ఎందుకంటే ఆ కాగితం విలువ తెలియాలంటే అందులో ఏముందో తెలియాలి.

హాఫ్‌కిన్ గారు యూదులు. యూదులకు వెనకటి రోజుల్లో మనలాంటి ఇంటిపేర్లు అందరికీ లేవు. ఫలానావారి కొడుకు ఫలానా, అంతే. ప్రార్థనలో, సమాధి రాయి మీద ఇప్పటికీ అదే పద్ధతి. యాజకుల వంశం వాళ్లకు కోహెన్ అనీ, లేవీయులకు లేవీ అనీ గుర్తు ఉండేది. మిగతావాళ్లకు ఇంటిపేరు ఉండి తీరాలన్నది రాజుల అవసరం. పన్ను కట్టించుకోవాలి, సైన్యంలోకి తీసుకోవాలి, జాబితా రాయాలి. ఆస్ట్రియాలో 1787లో చట్టం చేశారు. రష్యా సామ్రాజ్యంలో 1804లో చేశారు, మొదటి అలెగ్జాండర్ జార్‌గా ఉన్నప్పుడు. అక్కడి నుంచి ప్రతి ఇంటికీ ఒక పేరు, అది తరతరాలకీ మారకూడదు. కొందరు ఊరి పేరు పెట్టుకున్నారు, కొందరు చేసే పని పేరు. మన తాడేపల్లి, కొండపల్లి వాళ్లలాగా, కమ్మరి, కుమ్మరి వాళ్లలాగా. ఇంతవరకు మనకు అర్థమయ్యేదే.

కానీ ఒక చోట వేరేగా జరిగింది. ఇప్పుడు బెలారస్ అంటున్న దేశంలో తూర్పు వైపు, మొగిలేవ్ పరగణాలో, చాలా ఇళ్లకు ఆడవాళ్ల పేర్లు ఇంటిపేర్లయ్యాయి. రివ్కా ఇంటివాళ్లు రివ్కిన్. ద్వోరా ఇంటివాళ్లు ద్వోర్కిన్. మల్కా నుంచి మల్కిన్. సారా అక్కడి యాసలో సోరా, ఆమె ఇంటివాళ్లు సోర్కిన్. ఖాయా నుంచి ఖాయ్‌కిన్, ఖావా నుంచి ఖావ్‌కిన్. ఆ 'ఇన్' ఏమిటంటే, రష్యన్‌లో ఆకారంతో ముగిసే పేరుకు తగిలించే ముక్క. ఆ మనిషికి చెందినవాడు అని. ఆడవాళ్ల పేర్లు ఎక్కువగా ఆకారాంతాలే కాబట్టి అన్నిటికీ అదే వచ్చింది. మాస్టారు దాన్ని తెలుగులో పెట్టిన తీరు నాకు ఎంతో నచ్చింది. కాగితం మొదటి వరసే అది. "హాఫ్‌కిన్ = హవ్వమ్మ తాలూకు." మా ఉత్తరాంధ్రలో పుట్టినవాళ్లకు ఇంక వివరించక్కర్లేదు. ఎవరి తాలూకు బాబూ నువ్వు అంటే నూకాలమ్మ తాలూకు, పైడితల్లి తాలూకు అని చెప్పుకునే ఊళ్లు నా రిజిస్టర్ల నిండా ఉన్నాయి. ఆ జాబితా రాసేవాడు గుమ్మంలో నిలబడి ఎవరిల్లు ఇది అంటే, ఇరుగుపొరుగు చెప్పిన పేరు ఆ ఇంటి ఆడమనిషిదే అయి ఉంటుంది. సంతలో దుకాణం నడిపేది ఆమేనేమో, నలుగురికీ తెలిసిన ముఖం ఆమెదేనేమో.

హాఫ్‌కిన్ గారి కన్నతల్లి పేరు హవ్వ కాదు, రొసాలీ. హవ్వ తాతముత్తాతల కాలంనాటి మనిషి. ఆయన పుట్టింది 1860లో, అప్పటి రష్యా సామ్రాజ్యంలోని ఒడెస్సాలో, పెరిగింది ఎక్కువగా బెర్ద్యాన్స్క్ అనే రేవు ఊళ్లో. పుట్టినప్పటి పేరు మొర్దెకై వోల్ఫ్, తండ్రి పేరు ఆరోన్. రష్యన్ కాగితాల్లో ఆయన వ్లదీమిర్ అరోనవిచ్ ఖావ్‌కిన్. ఈ మూడు మాటలూ విడదీసి చూడండి. మొదటిది తన పేరు. నడిమిది నాన్న పేరు. చివరిది ముత్తవ్వ పేరు. ఒక మనిషిని పిలవగానే ఇంట్లో మూడు తరాల వాళ్లు పలికినట్టు ఉంటుంది.

ఇది చదువుతుంటే నాకు విశాఖ కేజీహెచ్ ఆస్పత్రి కాన్పుల వార్డు కళ్లముందుకు వచ్చింది. పుట్టిన బిడ్డ చేతికి కట్టే పట్టీ మీద ఏం రాస్తాం? బేబీ ఆఫ్ లక్ష్మి. బేబీ ఆఫ్ రామలమ్మ. పేరు పెట్టేదాకా బిడ్డ తల్లి తాలూకే. బీసీజీ ఆ పేరు మీదే వేస్తాం. పుట్టగానే వేసే పోలియో చుక్కలు ఆ పేరు మీదే. మా టీకాల రిజిస్టర్‌లో తండ్రి పేరు గడి ఖాళీగా ఉన్నా పని ఆగదు, తల్లి పేరు లేకపోతే వరసే మొదలవదు. 37 ఏళ్లు ఎన్ని వేల మందిని అలా రాశానో. ఆ టీకాల దారి వేసినవాళ్లలో ఒకరి ఇంటిపేరే తల్లి పేరు అని ఎవరైనా సర్వీసులో ఉండగా చెప్పి ఉంటే, ప్రతి కొత్త ఏఎన్‌ఎమ్‌కీ ట్రైనింగ్‌లో మొదటి రోజు అదే చెప్పేదాన్ని.

మనకూ ఇది కొత్త కాదు. రెండువేల ఏళ్ల కింద మన శాతవాహన రాజులు గౌతమీపుత్ర శాతకర్ణి, వాసిష్ఠీపుత్ర పులుమావి అని తల్లి పేర్లతోనే శాసనాల్లో కనపడతారు. ఈ మాట కాగితంలో లేదు. నేను అంటే మాస్టారు అక్కడే కలం తీసి అడుగున చేర్చారు.

హాఫ్‌కిన్ గారి మతం సంగతి కూడా రాశారు, క్లుప్తంగా. ఒడెస్సా విశ్వవిద్యాలయంలో పేరున్న జీవశాస్త్రవేత్త మేచ్నికోవ్ అంతటి గురువు దగ్గర చదివినా, మతం మార్చుకుంటేనే పై ఉద్యోగం అన్నారు. ఆయన మార్చుకోలేదు. బైబిల్లో ఎస్తేరు గ్రంథంలో హామాను ముందు మోకాలు వంచని మొర్దెకై పేరే కదా ఆయనకు పెట్టింది. దేశం వదిలి జెనీవా, అక్కడినుంచి పారిస్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లి లైబ్రరీ పనిలో చేరారు. 1893లో కలకత్తాలో దిగారు. 1896లో బొంబాయిలో ప్లేగు వస్తే గ్రాంట్ మెడికల్ కాలేజీలో ఒక గది, వసారా ఇచ్చారు. మూడు నెలల్లో టీకా తయారైంది. 1897 జనవరి 10న మళ్లీ ముందు తన ఒంటికే.

ఆ టీకాకు క్రిములను పెంచిన పద్ధతి మా మనవరాలికి అన్నిటికన్నా నచ్చింది. మాంసం నీళ్ల మీద నెయ్యి చుక్కలు తేలేలా వేస్తే, ఆ నెయ్యిని పట్టుకుని క్రిములు కిందికి ఊడల్లా పెరుగుతాయి. సీసాను కదిపితే రాలి, మళ్లీ పెరుగుతాయి. "బొర్రా గుహల్లో లాగ కదా" అంది పిల్ల. మాస్టారు ముచ్చటపడి, కప్పునుంచి వేలాడే రాళ్లూ సీసాలో ఊడలూ పక్కపక్కన పెన్సిల్‌తో గీసి ఇచ్చారు.

ఇంత రాసిన మాస్టారు ఒకటి వదిలేశారు, ముల్కోవాల్. దానిమీద నేను పట్టుబట్టాను. 1902 అక్టోబరు 30న పంజాబులోని ఆ ఊళ్లో 107 మందికి ప్లేగు టీకా వేస్తే, ఒకే సీసాలోది వేయించుకున్న 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. నింద హాఫ్‌కిన్ గారి ల్యాబ్ మీద పడింది, ఆయన పదవి పోయింది. సీసా తెరిచేటప్పుడు అక్కడి సహాయకుడి చేతిలో పట్కారు నేల మీద పడిందనీ, దాన్ని సరిగా శుద్ధి చేయకుండానే వాడారనీ తేలడానికి, ఆ తేలినదాన్ని పెద్దలు ఒప్పుకోవడానికి ఏళ్లు పట్టింది. 1907లో, మలేరియా దోమల వల్ల వస్తుందని తేల్చిన రోనాల్డ్ రాస్, ఇంకా కొందరు శాస్త్రవేత్తలు లండన్ టైమ్స్ పత్రికకు ఉత్తరం రాశాక గానీ మచ్చ పోలేదు. "పిల్లల చీటీలో చావులెందుకని వదిలేశానమ్మా" అన్నారు మాస్టారు. నేను ఒప్పుకోలేదు. కింద పడిన పట్కారును మళ్లీ మరిగించకుండా ముట్టుకోకూడదని మాకు చెంపదెబ్బ కొట్టినట్టు నేర్పారు. అది ఎందుకు నేర్పారో పిల్లలకు తెలియాలి. చనిపోయిన 19 మందికి కూడా ఇళ్లూ తల్లులూ ఉన్నారు. ఆయన కాసేపు ఆలోచించి, నా ముందే ఆరు వరసలు రాసి చేర్చారు. అందులో ఆ ఊరి పేరు మిగతా అక్షరాలకన్నా పెద్దగా రాశారు.

హాఫ్‌కిన్ గారు పెళ్లి చేసుకోలేదు. 1930లో స్విట్జర్లాండ్‌లోని లొజాన్‌లో పోయారు. తాను బొంబాయి పరేల్‌లో నడిపిన ల్యాబ్‌కు ఆయన బతికుండగానే, 1925లో, ఆయన ఇంటిపేరు పెట్టారు. అలా మొగిలేవ్ వైపు ఆడవాళ్ల పేర్లలోనిది ఒకటి బొంబాయి గేటు మీదికి, అక్కడినుంచి నా ఐస్ బాక్స్‌లోకి వచ్చింది.

ఇక కొట్టులో బాగోలేనివి కూడా చెప్పాలి. మెట్లు చాలా నిటారు, పట్టుకోవడానికి తాడు తప్ప ఏమీ లేదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కిందినుంచి ఫోన్ చేస్తే ఆయనే దిగి వస్తారు గానీ, డెబ్బై దాటిన మనిషిని దింపడం నాకు మనసొప్పలేదు. గదికి కిటికీ సముద్రం వైపు ఉంది. మన ఊరి ఉప్పుగాలికి స్టాంపుల మీద తుప్పురంగు చుక్కలు వస్తాయి. వెనక వరస ఆల్బమ్‌లలో అలాంటివి చూశాను. మంచివన్నీ ఇనప్పెట్టెలో సిలికా పొట్లాలు వేసి ఉంచారు, మిగతావాటికి కూడా ఆ జాగ్రత్త కావాలి. కొనేముందు వెనకవైపు తిప్పి చూపించమని అడగండి, విసుక్కోరు. ఆయన రాత బాగా సన్నం, నాకు కళ్లజోడుతో కూడా కష్టమైంది. ఫోన్ పే ఉంది. బిల్లు అడిగితేనే ఇస్తారు. బేరం ఆడితే తగ్గించరు, నేను అడిగి చూశాను. అయిదు చుక్కలకు నాలుగున్నర ఇస్తాను, ఆ అర చుక్క ఉప్పుగాలికి పోయింది.

ధర విషయంలో కొందరు అంటారు, ఈ స్టాంపు నెట్‌లో ఇంతకన్నా చవకగా దొరుకుతుందని. దొరుకుతుంది. నాకు టేపు అతికించినది దొరికింది కూడా. చవకదానితో పాటు తప్పును వెనక్కి తీసుకుని రెండు వారాలు చదివి మళ్లీ రాసిచ్చే మనిషి రాడు.

పిల్ల ప్రాజెక్టు అట్ట మీద స్టాంపును కవరుతో సహా నాలుగు మూలలా దారంతో కుట్టాం. దాని కింద మా చెల్లెలి కొడుకు రష్యన్ అక్షరాల్లో పేరు రాశాడు. దాని కింద పిల్ల తెలుగులో రాసింది. ఆస్పత్రి పట్టీ బొమ్మ ఒకటి గీసి, అందులో "బేబీ ఆఫ్ హవ్వ" అని కూడా రాసింది. ఎవరూ చెప్పలేదు దానికి. నేను వార్డు కబుర్లు చెప్తుంటే విని పెట్టుకుంది.

ఆదివారం సెలవు. మిగతా రోజుల్లో ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా, సాయంత్రం అయిదు నుంచి ఏడున్నర దాకా ఉంటారు. వానాకాలం కరెంటు పోతే మూసేస్తారు, ఫోన్ చేసి వెళ్లడం మంచిది. వచ్చే శనివారం నేను మళ్లీ వెళ్తున్నాను, 1997లో వేసిన రోనాల్డ్ రాస్ స్టాంపుకోసం. క్షయ క్రిమిని కనిపెట్టిన రాబర్ట్ కోఖ్ మీద 1982లో వేసిన స్టాంపు కూడా తీసి పెట్టమన్నాను. దాని చీటీ ఇప్పటికే రాశారట. కోఖ్ అంటే జర్మన్‌లో వంటవాడు అని. ఈసారి తప్పు లేదు కదా అని మా చెల్లెలి కొడుకుని వెంటబెట్టుకు రమ్మన్నారు మాస్టారు.